ఆరో అర

ఆరిన్ టిబ్స్ వెల్డన్ రస్క్ చేతిలో నూట నలభై మూడు సార్లు చచ్చాడు. ఈ లెక్క అతను వేసుకున్నది కాదు. పనీపాటా లేని అభిమానులు పాత టేపులు తిప్పి తిప్పి తేల్చింది. పాటలు పాడే కౌబాయ్ వీరుడిగా వెల్డన్ వేసిన కార్యక్రమం టీవీలో నడిచిన ఏడేళ్ళూ ఆరిన్ బ్యాంకు దొంగగా, పశువుల దొంగగా, పేకాటలో మోసం చేసేవాడిగా, మొహానికి నల్లగుడ్డ కట్టుకుని ప్రతి వారం చచ్చాడు. గుడ్డ ఎందుకంటే, పొద్దున పూట తెల్లటోపీ పెట్టుకుని వెల్డన్ బదులు గుర్రం మీంచి రైలు మీదికి దూకేది కూడా అతనే. అంటే చాలా వారాలు ఆరిన్ తనను తానే తరిమి, తనను తానే పట్టుకుని, పొద్దుగూకే వేళకి చచ్చి ఇంటికి వెళ్ళి బీన్స్ తినేవాడన్నమాట. తెర మీద అతని పేరు ఒక్కసారీ వెయ్యలేదు.

అయినా అతనికి ఒక గర్వం ఉండేది. ఎంత ఎత్తు నుంచి పడమన్నా, ఎంత రాతినేల మీద పడమన్నా, పడనని ఎప్పుడూ అనలేదు. భయపడ్డాడని ఎవరూ అనలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో మోకాళ్ళు రెండూ పోయి, ఎడమ భుజం పైకి లేవక, అతని దగ్గర మిగిలిన ఆస్తి ఆ ఒక్క మాటే.

డ్రై ఫోర్క్ ఊళ్ళో ఏటా జూన్‌లో జరిగే కౌబాయ్ పండగలో కూడా ఆ మాటే అతనికి అన్నం పెట్టేది. బట్టతలలు, పెద్ద పెద్ద పొట్టలు వేసుకుని, యాభై దాటిన మగవాళ్ళు ఒక్లహోమా నలుమూలల నుంచీ, టెక్సాస్ నుంచీ, కాన్సాస్ నుంచీ వచ్చేవాళ్ళు. చొక్కాకి చిన్నప్పుడు అటుకుల డబ్బాలో దొరికిన రేకు నక్షత్రం పెట్టుకుని, వెల్డన్ ముందు వరసగా నిలబడి, ఫోటో మీద సంతకం పెట్టించుకుని, పసిపిల్లల్లా కళ్ళు తుడుచుకునేవాళ్ళు. జేబులోంచి పాత సభ్యత్వ కార్డు తీసి చూపించేవాళ్ళు. "వెల్డన్ రస్క్ కుర్రాళ్ళ దండు" అని ఉంటుంది దాని మీద. కింద పది నియమాలు. మొదటిది: ముందుగా తుపాకీ తియ్యను. ఆ నియమం వాళ్ళకి వేదం. ఆ మనిషి రెండు వందల భాగాల్లో ఒక్కసారి కూడా ముందు తుపాకీ తియ్యలేదని వాళ్ళు తమ మనవళ్ళకి చెప్పుకునేవాళ్ళు. మనవళ్ళు ఆవులించేవాళ్ళు.

వాళ్ళు చెప్పుకునేదాంట్లో అబద్ధం లేదు. ఒకసారి దర్శకుడు ముందే కాల్చమంటే వెల్డన్ వినలేదు. కారులో కూర్చుని అద్దాలు ఎత్తేసుకున్నాడు. నూటపది ఫారెన్‌హీట్ డిగ్రీల ఎండలో రెండు గంటలు. చివరికి దర్శకుడే దిగొచ్చాడు. అది తలుచుకుంటే ఆరిన్‌కి ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది.

ఇప్పుడు వెల్డన్‌కి ఎనభై మూడు. భార్య పోయి తొమ్మిదేళ్ళయినా వారానికోసారి ఆమె ఎక్కడికెళ్ళిందని అడుగుతున్నాడు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. పాటలు మాత్రం అక్షరం పొల్లు పోలేదు. ఏప్రిల్‌లో పశువులపాక తలుపు గాలికి దభాలున కొట్టుకుంటే, "పడుకోండ్రా!" అని కేకేసి నడుం తడుముకున్నాడు. అప్పుడు నడుముకి ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. దగ్గర్లో ఎవరు అరిచినా, ఏది పేలినా, చెయ్యి నడుం దగ్గరికే పోతుంది.

పండగ రోజు పొద్దున వెల్డన్ కూతురు వెర్నా, కాఫీ కప్పు ఆరిన్ చేతిలో పెట్టి తెగేసి చెప్పింది.

"బాబాయ్, నీకు ముందే చెప్తున్నా. ఇవాళ మీ కాల్పుల ఆటలో ఏ గొడవా కాకపోతే సరే, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఏదైనా అయిందా, సోమవారం నుంచి నాన్నని తల్సాలో, అలాంటి వాళ్ళని చూసుకునే చోట చేర్పించేస్తా. పెన్నీని కూడా అమ్మేస్తా. నేనొక్కదాన్నే ఎంతకని పరిగెత్తను చెప్పు!"

"గుర్రాన్ని అమ్మేస్తే ఆయన ఉంటాడా?"

"గుర్రం తన్నితే ఉంటాడా?" అంది వెర్నా. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "ఆ రెండో తుపాకీ నువ్వు తీసుకెళ్ళిపోయి మంచి పని చేశావు బాబాయ్. అదొక్కటీ ఇంట్లో ఉందనుకుంటేనే నాకు నిద్ర పట్టేది కాదు" అంది.

ఆరిన్ వేడి కాఫీ ఒక్క గుక్కలో తాగేశాడు.

వెల్డన్‌వి రెండు పిస్తోళ్ళు. ముత్యపు చిప్ప పిడులు, వెండి పూత, కవలపిల్లల్లా ఒక్కలాంటివి. ఒకటి వేషానికి. అది చెక్కపెట్టెలో ఆరిన్ దగ్గరే ఉంటుంది. రెండోది పాకలో పాముల కోసం. చలికాలంలో వెర్నా ఆ రెండోదాన్ని తీసుకుపొమ్మని ఆరిన్‌ని పంపింది. వెళ్ళాడు. వెల్డన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "కారు తాళాలు లాక్కున్నారు, ఊరుకున్నా. చెక్కుబుక్కు లాక్కున్నారు, ఊరుకున్నా. దీన్ని కూడా తీసుకుపోతే నేనెవణ్ణిరా ఆరిన్?" అన్నాడు. కౌబాయ్ దగ్గర్నుంచి తుపాకీ లాక్కోవడం ఆరిన్‌కి చేతకాలేదు. చేతకానిది చేతకాలేదని ఒప్పుకోవచ్చు కదా! అదీ చెయ్యలేదు. తిరిగొచ్చి వెర్నాతో "తెచ్చేశానమ్మా" అన్నాడు. అంత అబద్ధం అతను పుట్టి బుద్ధెరిగాక ఆడలేదు.

ఆ మాట ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పటికే వెర్నా ఫోటోల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

తొమ్మిదింటికి ఆరిన్ వేషం తుపాకీ సిద్ధం చేశాడు. ఉత్త మందు కూరిన తూటాలు ఆరు, ఒక్కొక్కదాని మూతి మీద ఎర్ర లక్క వేసి తనే మూశాడు. లక్క వెయ్యడం అతని సొంత పద్ధతి. ఎదురుగా నిలబడి చూస్తే తూటాల చక్రం నిండా ఎర్రచుక్కలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే ధైర్యంగా చావచ్చు. వేషానికి కాబట్టి ఆరు. నిజంగా గుర్రమెక్కే మనిషి ఐదే నింపి, తూటాని కొట్టే సుత్తి కింది అర ఖాళీగా వదిలేస్తాడు. లేకపోతే గుర్రం ఎగిరినప్పుడు పేలి సొంత కాలే పోతుంది. గేటు దగ్గర తుపాకులు చూసే ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చూసినట్టు గుర్తుగా పిడికి పచ్చ రిబ్బను కట్టి, "బాగా చావు టిబ్స్" అని వీపు తట్టాడు.

ఆరిన్ దాన్ని తీసుకెళ్ళి, వేషాలు వేసుకునే ట్రైలర్లో వెల్డన్ బెల్టు ఒరలో పెట్టి, రిబ్బను విప్పేసి, తాను గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంట అతను తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో చెప్పలేం.

మధ్యాహ్నం రెండింటికి ఆట మొదలైంది. మైదానంలో పలకలతో కట్టిన వీధి. ఒక పక్కంతా బెంచీల మీద ఆరొందల మంది. వీధికి ఒక కొసన వెల్డన్, రెండో కొసన ఆరిన్. ఆరిన్ వెనక సారా దుకాణం అని రాసిన చెక్కగోడ. గోడ అంటే గోడ కాదు, వేలెడు మందం పలక. దాని వెనక నీడలో చర్చి ఆడవాళ్ళు పీచ్ పళ్ళ పాయసం వడ్డనకి గిన్నెలు సర్దుకుంటున్నారు. వాళ్ళ నవ్వులు ఆరిన్ వీపుకి వినిపిస్తున్నాయి.

"అమ్మలారా, అయ్యలారా, ఒకప్పటి పిల్లలారా!" అన్నాడు మైకులో హోలిస్. రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు. ఈ మూడు రోజులూ షెరీఫు. "ఇదిగో, మన చిన్నతనం నడిచొస్తోంది!"

వెల్డన్ తెల్లటోపీతో, తెల్ల బూట్లతో నడిచొచ్చాడు. నడుం నిటారుగా ఉంది. ఆరొందల మందీ లేచి నిలబడ్డారు. ముందు వరసలో రేకు నక్షత్రం పెట్టుకున్న లారీ డ్రైవరొకడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఏటా ఏడుస్తాడు. వెల్డన్ నడుస్తుంటే ఆరిన్‌కి కూడా మోకాళ్ళ నొప్పి మరుపున పడింది. ఎన్నేళ్ళయినా ఆ నడక అతనికి ఇష్టం.

వెల్డన్ వీధి మధ్యలోకి వచ్చి ఆగాడు. ఇద్దరి మధ్యా పన్నెండడుగులు. పిస్తోలు తీసి వేలి మీద గిర్రున తిప్పాడు. ముందుకి మూడు చుట్లు, వెనక్కి మూడు. చివర్లో గొట్టం ఎదుటివాడి ముక్కుకి సూటిగా పట్టి ఒక్క క్షణం ఆపి, ఒరలో పెట్టాలి. నలభై ఏడేళ్ళుగా అంతే. ఆ ఒక్క క్షణంలో ఆరిన్ ఎర్రచుక్కలు చూసుకుంటాడు.

చూశాడు. ఎర్రచుక్కలు లేవు. గొట్టానికి రెండు పక్కలా, ఎండలో, బూడిదరంగు సీసం మొనలు.

పిస్తోలు ఒరలోకి వెళ్ళిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. ఆరిన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. అది పాకలోది. పాముల కోసం పెట్టుకున్నది. తను తెచ్చేశానని చెప్పినది.

"పెళ్ళికూతురి నగలు ఇచ్చెయ్, ముసుగు దొంగా!" అన్నాడు వెల్డన్. గొంతు ఖంగుమంది. "సాయంత్రం ముహూర్తం ఉంది."

ఆరిన్ చెప్పాల్సిన మాట ఒకటుంది. అరుద్దామా? అరిస్తే వెల్డన్ చెయ్యి ముందుగా నడుం దగ్గరికే పోతుంది. గుసగుసగా చెబుదామా? చొక్కా గుండీకి మైకు తగిలించారు, ఊపిరి పీల్చినా స్పీకర్లలో వినపడుతోంది. "నిజం తూటాలు" అన్న రెండు మాటలు వినపడితే ఆరొందల మంది ఒక్కసారి కెవ్వుమంటారు. పక్కకి దూకుదామా? దూకడం అతనికి కొత్త కాదు. దూకితే వెనక పలక, పలక వెనక పాయసం గిన్నెలు, గిన్నెల దగ్గర ఆడవాళ్ళు.

"వచ్చి తీసుకోరా, పాటలోడా" అన్నాడు ఆరిన్. మాట వణికింది. జనం అది నటన అనుకుని ఈలలు వేశారు.

చావంటే ఆరిన్‌కి మరీ అంత భయం లేదు. ఉన్నవే నాలుగు రోజులు. అతని గుండెల్లో రాయి పడింది ఇంకొకందుకు. ముందుగా తుపాకీ తియ్యని మనిషి, రెండు వందల భాగాల్లో ఒక్క తప్పు చెయ్యని మనిషి, ఆ కార్డులు జేబుల్లో దాచుకున్నవాళ్ళ కళ్ళ ముందే ఒకణ్ణి నిజంగా చంపేస్తాడు. చచ్చినవాడు ఎందుకు లేవట్లేదో తెలీక, "లేవరా ఆరిన్, పాట టైమైంది" అంటాడు. ఇదంతా ఎవడి చలవ? తన చలవే.

ఇంక ఇద్దరూ చేతులు నడుం దగ్గర పెట్టుకుని నిలబడాలి. దొంగ ముందు తియ్యాలి. దొంగ తీశాకే వెల్డన్ తీస్తాడు, దొంగ కన్నా ముందు పేలుస్తాడు.

అయితే తను తియ్యకపోతే?

ఆ ఆలోచన రాగానే ఆరిన్ దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ముందుగా తియ్యడు. ఎండలో కారులో కూర్చున్న మనిషి ముందుగా తియ్యడు. మిగతావన్నీ మరిచిపోయినా అది మరిచిపోడు.

చెయ్యి నడుముకి దూరంగా పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

జనం ఊపిరి బిగబట్టారు. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు అయింది. ఇరవై అయింది. ఎవరో దగ్గారు. చెక్కగోడ వెనక గిన్నె ఒకటి ఠంగున కింద పడింది. వెల్డన్ వేళ్ళు పిడి మీదికి వెళ్ళి అక్కడే ఆగాయి. అతని కళ్ళు ఆరిన్ కుడిచెయ్యిని వదలడంలేదు.

"ఏంటి టిబ్స్, నిద్రపోయావా?" అన్నాడు హోలిస్ మైకులో. నవ్వులు.

"చావరా టిబ్స్!" అని అరిచాడు ముందు వరసలో లారీ డ్రైవరు. "మాకు పాట కావాలి!"

"తియ్యి" అన్నాడు వెల్డన్.

ఆరిన్ తియ్యలేదు. నెమ్మదిగా, పసిపిల్లకి బొమ్మ చూపించినట్టు, రెండు చేతులూ పైకెత్తడం మొదలుపెట్టాడు. ఎడమ భుజం సగంలో ఆగిపోయింది. పళ్ళు బిగించి పైకి లాగాడు. అప్పుడే హోలిస్ స్పీకరుకి మరీ దగ్గరికి వచ్చాడు కాబోలు, మైకు కీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచింది.

వెల్డన్ పిస్తోలు సగం పైకి లేచింది. వెండి తళుక్కుమంది. బొటనవేలు సుత్తిని వెనక్కి లాగింది. టక్కుమన్న ఆ చిన్న చప్పుడు ఆరొందల మందిలో ఒక్క ఆరిన్‌కే వినపడింది.

ఆరిన్ కన్ను ఆర్పలేదు. చేతులు దించలేదు. వెనక నవ్వుతున్న ఆడవాళ్ళకి తన ఒళ్ళు అడ్డం పెట్టుకుని, ఒక మోకాలు, తర్వాత రెండో మోకాలు, మట్టిలో ఆనించాడు. ఏ ఇంటికప్పు మీంచి పడినప్పుడూ అంత నొప్పి కలగలేదు.

"నాకు భయమేస్తోంది వెల్డన్" అన్నాడు. స్పీకర్లు ఆ మాటను మైదానం చివర గుర్రాల దాకా మోసుకెళ్ళాయి. "నావల్ల కాదు. నేను లొంగిపోతున్నా."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కడో ఒకడు "హూ" అన్నాడు. ఆ పైన మైదానమంతా ఒక్కటే హేళన. పిల్లికూతలు, కాగితపు గ్లాసులు. నలభై ఏడేళ్ళలో ఏ దొంగా వెల్డన్ రస్క్ ముందు మోకాళ్ళ మీద పడలేదు. చచ్చారు గానీ పడలేదు. ఇరవై డాలర్లు పెట్టి టికెట్టు కొన్నది ఇందుకా?

వెల్డన్ మొహం అయోమయంగా మారింది. దొంగ చస్తే ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఇది తెలీదు. సుత్తి వెనక్కి లాగిన పిస్తోలు చేతిలో అటూ ఇటూ ఊగుతోంది. ఒకసారి ఆరిన్ వైపు, ఒకసారి బెంచీల వైపు. బెంచీల మీది వాళ్ళు నవ్వుతూ చేతులూపారు.

ఆరిన్ గొంతు మార్చాడు. వేషం గొంతు కాదు. పూర్వం ఒక్కో సీను అయ్యాక, మట్టి దులుపుకుంటూ మాట్లాడే గొంతు.

"దొంగ దొరికాడుగా వెల్డన్. అయిపోయింది. ఇంక పాటే."

"పాటా?"

"పాటే. సుత్తి దించు. బెల్టు ఇటివ్వు. గిటారు వెనక గీతలు పడతాయి."

ఏడేళ్ళూ ప్రతి వారం ఆ మాట అన్నది ఆరిన్. చచ్చినవాడు లేచి, మట్టి దులుపుకుని, వెల్డన్ దగ్గరికి వెళ్ళి బెల్టు పుచ్చుకునేవాడు. బకిల్ గీసుకుని గిటారు వెనక మెరుగు పోతుందని వెల్డన్‌కి ప్రాణం కొట్టుకునేది. పాట అయ్యేదాకా, తుపాకీతో సహా ఆ బెల్టు ఆరిన్ చేతుల్లోనే ఉండేది. అందుకే తెర మీద వెల్డన్ ఎప్పుడూ తుపాకీతో పాడలేదు. తుపాకీ లేకుండా పాడటం గొప్ప ఆదర్శమని అభిమానులు వ్యాసాలు రాసుకున్నారు.

ఆరిన్ మోకాళ్ళ మీదే ఉండి రెండు చేతులూ చాపాడు.

వెల్డన్ బొటనవేలు సుత్తిని పట్టుకుని మెల్లిగా ముందుకి దించింది. పిస్తోలు ఒరలోకి జారింది. వేళ్ళు వాటంతటవే బకిల్ దగ్గరికి వెళ్ళాయి. తోలు కిర్రుమంది. పన్నెండడుగులు నడిచొచ్చి, బెల్టు ఆరిన్ చేతుల్లో పెట్టాడు.

"లేవరా, మట్టి అంటుకుంటుంది" అన్నాడు.

ఆరిన్ వెంటనే లేవలేకపోయాడు. బెల్టును పొట్టకి హత్తుకుని అలాగే కూర్చున్నాడు. ఎవరో గిటారు అందించారు. వెల్డన్ తీగలు ఒకసారి సవరించుకుని, టోపీ వెనక్కి తోసుకుని ఎత్తుకున్నాడు.

"ఎండిన ఏటిదారి, ఎర్రమట్టి గాలి,
ఎక్కడాగితే అక్కడే ఇల్లు, పదవే గుర్రమా..."

హేళన ఆగిపోయింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు టోపీలు తీశారు. ఆ గొంతులో ఎనభై మూడేళ్ళు లేవు. రొట్టెముక్క చేత్తో పట్టుకుని, నలుపు తెలుపు టీవీ ముందు బోర్లా పడుకున్న శనివారం పొద్దులు ఉన్నాయి. బతికున్న అమ్మలు ఉన్నారు. లారీ డ్రైవరు రేకు నక్షత్రం మీద చెయ్యి వేసుకుని, పెదాలు కదుపుతూ కన్నీళ్ళు కారుస్తున్నాడు. ఆరిన్ కూడా ఏడ్చాడు. అతను ఏడ్చింది పాటకి కాదని ఎవరికీ తెలీదు.

పాట అయ్యాక వెల్డన్‌ని జనం భుజాల మీద మొయ్యడమొక్కటే తక్కువ. ఆరిన్ బెల్టు చుట్టి చంకలో పెట్టుకుని, వేషాల ట్రైలర్ వైపు కుంటుతూ నడిచాడు. లారీ డ్రైవరు ఎదురుపడ్డాడు. పోయిన ఏడు ఆరిన్ ఫోటో మీద "నూట నలభై రెండో చావు" అని రాయించుకుని, మెడ చుట్టూ చెయ్యేసిన మనిషి. ఇప్పుడు ఫోటో వీపు వెనక్కి దాచుకుని పక్కకి తప్పుకున్నాడు.

"వయసొచ్చేసింది పాపం" అంది అతని భార్య.

"వయసు కాదే. బెదిరాడు" అన్నాడు అతను, మెల్లిగా అనుకుంటూనే గట్టిగా.

ఆరిన్‌కి ఆ మాట కత్తి దిగినట్టు దిగింది. వెనక్కి తిరిగి, నువ్వూ ఆ గొట్టం ముందు నిలబడి చూడరా అని అరవాలనిపించింది. పళ్ళు కొరుక్కుని నడిచాడు.

ట్రైలర్లో గిటారు పెట్టె తెరిచే ఉంది. తీగలు పెట్టుకునే చిన్న అరలో, గుడ్డలో చుట్టి, పొద్దున తను నింపిన వేషం తుపాకీ. ఎర్రచుక్కలు ఆరూ దాంట్లో భద్రంగా ఉన్నాయి. రెండోదాన్ని వెల్డన్ ఇంటి నుంచి ఆ పెట్టెలోనే తెచ్చుకుని, ఆ పావుగంటలో మార్చేశాడన్నమాట. ఆరిన్ బెల్టులోని పిస్తోలు తీసి, తూటాలు ఒక్కొక్కటే అరచేతిలోకి దులిపాడు. వాటిని వాగులో పారేద్దామనుకున్నాడు. రెండో తుపాకీ ఈ రాత్రే తీసుకుపోతాడు. వెర్నాకి ఏమీ తెలియక్కర్లేదు. గొడవేమీ కాలేదు. తను పరువు పోగొట్టుకున్నాడు, అంతే. వెల్డన్‌కి గుర్రం ఉంటుంది, ఇల్లుంటుంది, వచ్చే జూనుంటుంది.

తలుపు తోసుకుని వెల్డన్ లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. స్టూలు మీద కూలబడి బూటు లాక్కోబోయాడు. ఆరిన్ తూటాలు గుప్పిట్లో మూసుకుని, ఇంకో చేత్తో సాయం చేశాడు.

"పాట బాగా వచ్చిందిరోయ్" అన్నాడు వెల్డన్.

"ఎప్పుడూ వచ్చినట్టే వచ్చింది."

"నీకేమొచ్చిందిరా? మోకాళ్ళ మీద పడ్డావేం? అది మన కథలో లేదుగా."

"భయమేసిందని చెప్పానుగా."

వెల్డన్ నవ్వాడు. తర్వాత నవ్వు మెల్లిగా వెళ్ళిపోయింది. బూటు ఒకటి చేతిలో పట్టుకుని, తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకి వంగాడు.

"ఆరిన్, ఎవరికీ చెప్పకు. వెర్నాకి అసలు చెప్పకు."

"ఏంటి?"

"అక్కడ నిలబడ్డాక నాకు గుర్తు రాలేదురా. ముందు ఎవరు తియ్యాలి? నువ్వా, నేనా? ఎంత తన్నుకున్నా రాలేదు. నీ చెయ్యి చూస్తూ నిలబడ్డా, నువ్వేం చేస్తే అది చేద్దామని. నువ్వూ మరిచిపోయినట్టు నిలబడ్డావు." వెల్డన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకొంచెంసేపు అలాగే ఉంటే నేనే తీసేసేవాణ్ణిరా. జనం అరుస్తున్నారు. తీసేద్దామనుకున్నా."

ఆరిన్ రెండో బూటు కూడా లాగి, రెండింటినీ పక్కపక్కన సర్దిపెట్టాడు. వెల్డన్ తల మీది టోపీ తీసి, జుట్టు సరిచేశాడు. ఎప్పుడూ చెయ్యని పని.

"ఏం పర్లేదు" అన్నాడు. "కాసేపు పడుకో. నేను పెన్నీకి నీళ్ళు పెట్టొస్తా."

పెన్నీ దగ్గరికి కాకుండా ఫోటోల బల్ల దగ్గరికి నడిచాడు. వెర్నా మిగిలిన ఫోటోలు డబ్బాలో సర్దుతోంది. అతన్ని చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నాన్న బంగారంలా చేశాడు. నీకేమైంది బాబాయ్? ఒంట్లో బాగోలేదా? డాక్టరుకి చూపిద్దామా?"

"చలికాలంలో నీతో ఒక అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు ఆరిన్. "నన్ను తిట్టాల్సినంత తిట్టు. ముందిది పట్టుకో."

గుప్పిట తెరిచి, ఆమె అరచేతిలో కుమ్మరించాడు. సీసం మొనలు చూడగానే వెర్నాకి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. చేతిలోవి చూసింది. వీధి చివర చెక్కగోడ వైపు చూసింది. ఆ గోడ ముందు మట్టిలో రెండు మోకాళ్ళ గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కసారిగా ఆరిన్ చొక్కా పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాడు. కొట్టలేదు, ఆ చొక్కాలోనే మొహం పెట్టుకుంది.

తర్వాత తల ఎత్తి, తూటాలు లెక్కపెట్టి, మళ్ళీ హడలిపోయింది.

"ఐదే ఉన్నాయేం బాబాయ్? ఆరోది ఏదీ? దాంట్లోనే ఉండిపోయిందా?"

"ఆరో అర ఖాళీ అమ్మా" అన్నాడు ఆరిన్. "గుర్రమెక్కేవాడు ఐదే నింపుతాడు. మీ నాన్నకి అది మాత్రం గుర్తుంది."